మంగాయమ్మ మల్లె వైద్యం

పోయిన నెల గరాజు ఖాళీ చేస్తుంటే పెయింటు డబ్బాల వెనక, ఎండి రాయిలా బిగుసుకుపోయిన పాత మట్టి సంచిలో, వేలెడంత ప్లాస్టిక్ చీటీ దొరికింది. మొక్క కొన్నప్పుడు కుండీలో గుచ్చి ఇస్తారే, అది. ఒక వైపు తెల్లపువ్వు బొమ్మ ఉంది, వెలిసిపోయి పువ్వో గుడ్డుపెంకో తెలియడం లేదు. రెండో వైపు నాలుగు వరుసల ఇంగ్లీషు. గరాజు మెట్టు మీద కూర్చుని, అద్దాలు పెట్టుకుని, వేలు ఆనించి ఒక్కొక్క మాటా కూడబలుక్కున్నాను. ఎండ తగిలే చోట పెట్టండి. వేసవిలో నీళ్ళు బాగా పొయ్యండి. మంచు పడనివ్వకండి. చలికాలం చివర కత్తిరించండి. నాలుగు వరుసలు పూర్తయ్యేసరికి పక్కన పెట్టుకున్న టీ చల్లారిపోయింది. నాకు అక్షరాలు అరవై దాటాక వచ్చాయి. ఇంగ్లీషువి లైబ్రరీలో, తెలుగువి ఆదివారం బడిలో పసిపిల్లల పక్కన కూర్చుని నేర్చుకున్నాను. అందుకని ఏది చదివినా తాపీగానే చదువుతాను. చదివి, చీటీ ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు నవ్వాను. ఈ నాలుగింటిలో మేము చెయ్యనిది ఏదీ లేదు. అన్నీ చేశాం. ఏ నెలలో చెయ్యాలో ఆ నెలలో తప్ప మిగతా అన్ని నెలల్లోనూ చేశాం.

అప్పట్లో మేం మెల్బోర్న్‌లో డాండినాంగ్ దగ్గర ఒక చెక్కగోడల అద్దె ఇంట్లో ఉండేవాళ్ళం. మా ఆయన వెల్డరు. నేను బిస్కట్లు అట్టపెట్టెల్లో సర్దే ఫ్యాక్టరీలో పని చేసేదాన్ని. మా ఆయన నాకు మేనబావ. ఆయన తల్లి మంగాయమ్మ మా నాన్నకు అక్క, అంటే అత్తగారు కాకముందు నుంచీ నాకు అత్తే. మాది గోదావరి పక్కన పూలతోటల ఊరు. ఎవరి మల్లెమడి పూయకపోయినా డాక్టరుకి కబురు పెట్టినట్టు మా అత్తకి కబురు పెట్టేవారు. ఆవిడ వచ్చి గట్టు మీద నిలబడి, ఒక ఆకు తుంపి నలిపి వాసన చూసి, చిటికెడు మట్టి నాలిక మీద వేసుకుని, నీళ్ళెక్కువై ఒళ్ళు బలిసింది పదిరోజులు ఎండగట్టండి అనో, ఆకు దుయ్యడం ఆలస్యం చేశారు ఈ ఏటికి దీన్ని మర్చిపోండి అనో చెప్పేది. ఆవిడ చెయ్యి పడ్డాక పూయని మడి లేదని పేరు. పూయని మడులు రెండు ఉన్న మాట నిజమే గానీ, ఆ రైతులు చెప్పింది చెప్పినట్టు చెయ్యలేదని ఆవిడ తీర్మానం. మామయ్య పోయి అప్పటికి ఆరేళ్ళు. ఆయన ఉన్నన్నాళ్ళూ కొప్పులో పువ్వు లేకుండా గుమ్మం దాటని మనిషి, ఆయన పోయాక మా నాన్న వాకిట్లో కూర్చుని ఊరందరికీ మూరలు కట్టి ఇచ్చేది గానీ ఒక్క మొగ్గ తలలో పెట్టుకునేది కాదు.

మల్లెకు మా ఊళ్ళో ఒక పద్ధతి ఉంది. మార్గశిరంలో నీళ్ళు ఆపేస్తారు. పుష్యంలో గొర్రెల మందను తోలి ఆకు మేపిస్తారు, మిగిలింది చేత్తో దూసేసి కొమ్మలు కత్తిరిస్తారు. మడి అంతా మోడులై చూడ్డానికి దిగులుగా ఉంటుంది. అప్పుడు ఎరువు వేసి నీళ్ళు పెడితే మాఘంలో చిగురు, ఫాల్గుణంలో మొగ్గ, చైత్ర వైశాఖాల్లో గంపలకు గంపల పూలు. ఇది మాకు ఎవరూ నేర్పక్కర్లేదు, ఆకలి వేస్తే అన్నం తినాలన్నంత మామూలుగా తెలుసు. మెల్బోర్న్‌లో ఒక నర్సరీలో మల్లె కుండీలు కనబడినప్పుడు నాలుగు కొనిపించుకుని ఇంటి వెనక వరండాలో పెట్టుకున్నాను. ఏడాదైనా ఒక్క పువ్వు లేదు. అప్పుడే నాకు నెలలు నిండుతున్నాయి, పురుడు పోయడానికి అత్త వచ్చింది.

ఆవిడ దిగింది జ్యేష్ఠంలో. ఊళ్ళో మామిడిపళ్ళ కాలం, ఇక్కడ గడ్డి మీద తెల్లగా మంచు పేరుకునే కాలం. చీర మీద కొడుకు స్వెట్టరు, దాని మీద కొడుకు రెయిన్‌కోటు, కాళ్ళకి గొర్రెబొచ్చు బూట్లు, తలకి ఊలు టోపీ పెట్టుకుని మొదటి రోజే వరండాలోకి వెళ్ళి కుండీల ముందు గొంతుక్కూర్చుంది. ఆకు నలిపింది. మట్టి నాలిక మీద వేసుకుని తుపుక్కున ఉమ్మేసింది. అది మట్టి కాదని, చెక్కపొట్టని, ఇందులో ఇవి బతికి ఉండడమే గొప్పని చెప్పింది. తర్వాత నా జడ వైపు చూసింది.

"మంగాయమ్మ కోడలి తల బోసిగా ఉందంటే ఊళ్ళో నా మొకం ఎక్కడ పెట్టుకోనే? ఇయ్యి పూసి, నీ జడలో మూర పెట్టేకే నేను ఇమానం ఎక్కేది" అంది.

ఒట్టు వెయ్యడానికి నిప్పు కావాలి. మా ఇంట్లో ఉన్నది కరెంటు పొయ్యి. చల్లగా ఉన్న ఆ ప్లేటు మీదే అరచెయ్యి పెట్టి ఒట్టేసింది. తిరుగు టికెట్టుకి ఏడాది గడువుంది. మా ఆయన సంతోషపడ్డాడు. నేను కూడా పడ్డట్టే కనబడ్డాను.

నిజం చెప్పాలంటే రెండు వారాలు తిరిగేసరికి ఆ మొక్కలు త్వరగా పూయాలని మొక్కుకోవడం మొదలుపెట్టాను. అత్త మంచిదే, కానీ ఇల్లంతా ఆవిడే అయిపోయింది. ఉప్పు డబ్బా చోటు మారింది. బట్టలుతికే మెషీను బట్టల్ని ఎక్కడికి తీసుకెళ్తోందో తెలియదు కాబట్టి దాన్ని నమ్మకూడదంది, అందులో బియ్యం దాచింది. ముప్పై ఏళ్ళ కొడుకుని ఆదివారం పూట బల్ల మీద కూర్చోబెట్టి ఆముదం తాగించింది. ఆయన ఆ రోజంతా ఏ గదిలో ఉన్నాడో నేను చెప్పను. నాకు ఇరవై నాలుగేళ్ళు, నా సంసారం నాకు కావాలి. అది తిరిగి నా చేతికి రావడం నాలుగు కుండీల మీద ఆధారపడి ఉంది.

ఆ చలికాలం అత్త కుండీల్ని హాల్లోకి తెచ్చేసింది. పాప పుట్టి ఇంటికి వచ్చాక బాలింత, పసిబిడ్డ, నాలుగు మల్లెలు, ఆరుగురికీ ఒకటే హీటరు. పాప తలకు సాంబ్రాణి పొగ వేస్తే అదే నిప్పు కుండీల చుట్టూ తిప్పేది. పాపకు పోసిన గోరువెచ్చని నీళ్ళలో మిగిలినవి వాటికి. వాటికీ చలేస్తుందని పాప దుప్పట్లే కప్పేది. బిడ్డను చూడ్డానికి ప్రభుత్వం తరఫున ఒక నర్సు వచ్చింది. హాల్లో వరసగా దుప్పట్లు కప్పుకుని ఉన్నవాటిలో ఒకదాని దగ్గర వంగి, ముద్దుముద్దుగా ఏదో పలకరిస్తూ దుప్పటి తీసింది. లోపల మల్లె కొమ్మ. ఆవిడ దుప్పటి మళ్ళీ జాగ్రత్తగా కప్పి, కాగితం మీద ఏదో రాసుకుని, పక్క దుప్పటికి వెళ్ళింది. అదీ మొక్కే.

ఆశ్వయుజంలో కుండీలు తిరిగి బయటికి వెళ్ళాయి. కార్తీకానికి పచ్చగా, పొగరుగా ఎదిగాయి. మార్గశిరం రాగానే అత్త నీళ్ళు ఆపేసింది. బయట చూస్తే తారు రోడ్డు మెత్తబడే ఎండ. మొక్కలు తలలు వాల్చేశాయి. మా పక్కింట్లో మేవిస్ అని డెబ్భై ఏళ్ళావిడ ఒంటరిగా ఉండేది, భర్త పోయాడు, గులాబీలు పెంచేది, తెల్ల జుట్టు చెవుల దాకా కత్తిరించుకునేది. వాడిపోతున్న మల్లెల్ని చూసి ఉండబట్టలేక ఆవిడ కంచె మీద నుంచి పైపుతో నీళ్ళు కొట్టేది. అత్త పరుగున వెళ్ళి కుండీలకు గొడుగు అడ్డం పెట్టేది. ఈవిడ తెలుగులో, ఆవిడ ఇంగ్లీషులో గంటసేపు వాదించుకునేవారు. ఒకరి మాట ఒకరికి ముక్క అర్థం కాదు, కానీ ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్ళే మాట్లాడేవారు. చివరికి మేవిస్ మా ఇంట్లో కాఫీ తాగి వెళ్ళేది.

పుష్యం వచ్చేసరికి అంత కరువులోనూ కొమ్మల చివర బియ్యపుగింజలంత మొగ్గలు తొడిగాయి. నేను పాపని చంకనేసుకుని పరుగెత్తి అత్తను పిలుచుకొచ్చాను. ఆవిడ చూసి పెదవి విరిచింది.

"దొంగ మొగ్గలే ఇయ్యి. పుష్యంలో మల్లె మొగ్గ తొడగడమేంటే? ఇయ్యి ఉంటే చెట్టుని పీల్చేస్తాయి."

"ఇంత ఎండ కాస్తోంది కదత్తా. ఇక్కడ ఎండాకాలం ఇదేనేమో" అన్నాను.

"ఈ దేశంలో ఎండకి బుద్ధి లేదు. చంద్రుడికి ఉంది కదా? అక్కడున్నోడే ఇక్కడా ఉన్నాడు. ఆడు పుష్యం అంటే పుష్యమే."

నెలలన్నీ ఆవిడ చంద్రుణ్ణి చూసి వేళ్ళ కణుపుల మీద లెక్కపెట్టుకునేది, ఎన్నడూ తప్పేది కాదు. వచ్చిన కొత్తలోనే నెలవంక ఇక్కడ అటుదిటుగా పడుకుందని గమనించింది కూడా. ఇంత దూరం నడిచొచ్చేసరికి అలిసిపోయి పక్కకి ఒరిగాడని తేల్చింది. నేనూ ఆ లెక్కల్లో పుట్టినదాన్నే. ఒళ్ళు కాలిపోయే ఎండలో, చెమటలు కార్చుకుంటూ, ఇద్దరం కూర్చుని మొగ్గలు గిల్లేసి, ఆకు దూసేసి, కొమ్మలు కత్తిరించి, నాలుగు మొక్కల్నీ మోడులు చేశాం. చేపల తలకాయలు పాతిపెట్టి నీళ్ళు పోశాం. వీధిలో పిల్లులన్నీ మా వరండాకు మకాం మార్చాయి. చైత్రం వచ్చింది, దానితో పాటు చలీ వచ్చింది. అప్పుడే పుట్టిన చిగుళ్ళు ఎర్రబడి ముడుచుకున్నాయి. ఊరి నుంచి మా నాన్న క్యాసెట్టు పంపాడు. మా వాళ్ళెవరికీ రాయడం రాదు కాబట్టి మాటలు టేపు చేసి పంపుకునేవాళ్ళం. "అక్కా, మల్లెలు పూశాయా? ఎప్పుడొస్తున్నావు?" అని అందులో రెండే ప్రశ్నలు, మిగతాదంతా ఆయన దగ్గు. టికెట్టు గడువు దాటిపోయింది.

నేను ఎప్పుడు మారానో సరిగ్గా చెప్పలేను. నేను ఫ్యాక్టరీకి తిరిగి వెళ్ళడం మొదలుపెట్టిన రోజుల్లో ఒక మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి అత్త లేదు, పాప లేదు. వీధి చివరి దాకా పరుగెత్తాను. అప్పటికి నాలుగేళ్ళుగా ఆ దేశంలో ఉండి నేను ఒంటరిగా వెళ్ళగలిగింది ఫ్యాక్టరీకి ఒక్కటే, అదీ తోటి పనివాళ్ళ కారులో. బోర్డులు చదవడం రాదు, తప్పిపోతే అడగడం రాదు. ఏడుపు మొహంతో నిలబడి ఉంటే బస్సు ఆగింది, పాపని ఎత్తుకుని, సంచిలోంచి చేప తోక బయటికి వేలాడుతుండగా అత్త దిగింది. డ్రైవరు ఆవిడకు చెయ్యి ఊపాడు.

"బోర్డు చదవలేవు కదా, ఎలా ఎక్కావత్తా?" అన్నాను, కోపంగానే.

"ఊళ్ళో ఏ బోర్డు చదివి ఎల్లేనే? గెడ్డపాయన తోలే బస్సు బజారుకి ఎల్తాది. కళ్ళద్దాలాయనది రైలు టేసనుకి. ఆళ్ళు సెలవు పెట్టిన రోజున ఇంట్లో కూకుంటాను" అంది.

ఆ తర్వాత నా సెలవు రోజుల్లో ఆవిడ వెనకే గడ్డపాయన బస్సెక్కడం మొదలుపెట్టాను. ఆ ఊళ్ళో నేను భయం లేకుండా నడిచిన మొదటి వీధులన్నీ ఆయన బస్సు వెళ్ళే వీధులే. షిఫ్టు అయి ఇంటికి వచ్చేసరికి చింతపండు పులుసు వాసన గేటు దాకా వచ్చేది. చేతులకు పట్టిన బిస్కట్ల తియ్య వాసన నాకు అక్కడ వదిలేది. పాప ఆవిడ కాళ్ళ మీద బోర్లా పడుకుని కబుర్లు వినేది. రెండో ఏడు పుష్యంలో మళ్ళీ మొగ్గలు కనబడినప్పుడు నేను అత్తను పిలవలేదు. ఇవి పూస్తే ఆవిడ విమానం ఎక్కుతుంది. ఒట్టంటే ఒట్టే, ఆవిడ సంగతి నాకు తెలుసు.

నేను పిలవకపోయినా ఆవిడకు కళ్ళున్నాయి. పోయిన ఏడు ఎందుకు పూయలేదో అప్పటికే ఆలోచించి పెట్టుకుంది. చేత్తో దూస్తే చాలదు, గొర్రె పంటి గాటు పడాలి. ఈ దేశమంతా గొర్రెలే అని కొడుకు చెప్పాడు, ఒక్కటీ దొరకదా అని పట్టుబట్టింది. మా ఆయన ఓవర్‌టైము ఉందని ఫ్యాక్టరీకి పారిపోయాడు. మేవిస్ మరిదికి క్రాన్‌బోర్న్ అవతల గొర్రెల ఫారం ఉందని తెలిసింది. విషయం ఆవిడకు చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది, వచ్చినంత ఇంగ్లీషులో చెప్పి మిగిలింది గొర్రెలా అరిచి చూపించాను. ఆవిడ ఒక్క ప్రశ్న అడగకుండా కారు తాళాలు తీసుకుంది. వెనక సీట్లో రెండు కుండీలకు బెల్టులు పెట్టింది, రెండు మా కాళ్ళ దగ్గర, పాప నా ఒళ్ళో.

మరిది టోపీ వెనక్కి నెట్టుకుని మమ్మల్ని చూశాడు. అత్త కుండీల్ని గడ్డిలో వరసగా పెట్టి, పక్కన కూర్చుని, నోటితో గొర్రెలకాపరి చప్పుడు చేసింది. ఆ గొర్రెలకు తెలుగు గొర్రెల భాష తెలియదు. మందంతా గాలికి పోయిన మబ్బులా కొండవాలు దాకా వెళ్ళి అక్కడి నుంచి చూసింది. నేను లోపల హమ్మయ్య అనుకున్నాను. గంటైనా కదల్లేదు. వెళ్ళిపోదామత్తా, ఎండగా ఉందని అన్నాను. ఆవిడ కొంగు ముడిలోంచి ఉప్పు తీసి, నీళ్ళలో కలిపి ఆకులకు పూసి, ఎదురుచూస్తూ కూర్చుంది. కాసేపటికి ఒక ముసలి గొర్రె వచ్చింది. ఒక ఆకు తింది. తర్వాత కొమ్మ తింది. తర్వాత మందంతా వచ్చింది. ఆకు, మొగ్గ, చిగురు పోయి మోడులు మిగిలాయి, ఒక కుండీ అంచు కూడా కొంత పోయింది. అత్త మొహం వెలిగిపోయింది. గొర్రెలకు ఇంత దూరం భోజనం మోసుకొచ్చిన వాళ్ళను తన జన్మలో చూడలేదని మరిది మేవిస్‌తో అన్నాడు. తిరిగి వస్తుంటే దారి పొడుగునా నేను ఆ మోడులనే చూస్తూ కూర్చున్నాను. గొర్రెలు తినేశాక ఇక పూయకపోవడమనేది ఉండదని నాకూ నమ్మకమే.

చైత్రం వచ్చింది, వైశాఖం వచ్చింది. పూయలేదు. నేను చాటుగా ఊపిరి పీల్చుకున్నాను గానీ, అత్త అన్నం తగ్గించింది. తన చేతిలో ఏదో పోయిందని ఒకసారి అరచేతులు తిప్పి చూసుకుంది. నాకు అది చూడ్డం కష్టమైంది. ఇక మిగిలింది ఒకటే మందు, బెదిరించడం. కాయని చెట్టును మా ఊళ్ళో గొడ్డలి పట్టుకుని నరికేస్తానని ఒకరు మీదికి వెళ్తారు, వద్దు వద్దు వచ్చే ఏడు కాస్తుందని ఇంకొకరు అడ్డం పడతారు, చెట్టు వింటుంది. గొడ్డలి మేవిస్ దగ్గరే తెచ్చాం, కట్టెలకనుకుని ఇచ్చింది. అత్త చీర ఎగదోపి, ఊలు టోపీ సవరించుకుని, గొడ్డలి ఎత్తి, "రెండేళ్ళు మేపేను నిన్ను. సిగ్గు లేదా నీకు? నరికి పొయ్యిలో పెడతాను" అని నిజం కోపంతోనే అరిచింది. నేను అడ్డం పడాలి. వచ్చే ఏడు పూస్తుందని నా నోటితో నేనెలా చెప్పను? అత్త గొడ్డలి పైనే ఉంచి నా వైపు గుర్రుగా చూస్తోంది. ఇంతలో పక్క గేటు తోసుకుని మేవిస్ చెప్పులు లేకుండా పరుగెత్తుకొచ్చి, కుండీలకు అడ్డంగా చేతులు చాపి నిలబడింది.

"డోంట్, మంగా. గివ్ ఇట్ వన్ మోర్ ఇయర్, లవ్" అంది, దాదాపు ఏడుస్తూ.

ఇంకొక్క ఏడు చూడమని నేను అత్తకు తెలుగులో చెప్పాను. అత్త గొడ్డలి దించింది. "చూశావా, ఈవిడికి పద్ధతి తెలుసు. నీకే తెలీదు" అని నన్ను కసిరి, పొయ్యి మీద పులుసు పొంగుతోందని లోపలికి వెళ్ళిపోయింది.

మేవిస్ కుండీల పక్కన మెట్టు మీద కూలబడి ఊపిరి తీసుకుంది. చేతికి తగిలిన ప్లాస్టిక్ చీటీ పైకి లాగి, కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చదివింది. తర్వాత మీరు దీన్ని ఎప్పుడు కత్తిరిస్తారని అడిగింది. జనవరిలో అన్నాను. ఆవిడ చీటీ మీది పువ్వు బొమ్మను వేలితో తట్టింది. ఇది పూసేదే అప్పుడు అంది. వేసవి మొగ్గల మీద ఉన్నప్పుడు కోసేస్తున్నారు, కోయాల్సింది ఆగస్టు చివర, అని మెల్లిగా, పిల్లలకు చెప్పినట్టు చెప్పింది. నాకు ఒక్కసారిగా అంతా అర్థమైంది. బియ్యపుగింజలంత మొగ్గలు, ఎండ, గొర్రెలు. లోపల అత్త గరిటె చప్పుడు వినబడుతోంది. పరుగెత్తి చెప్పాలి. రెండేళ్ళుగా ఆవిడను తొలిచేస్తున్న దానికి నాలుగు మాటల్లో సమాధానం నా దగ్గర ఉంది. చెప్తే వచ్చే వేసవికి పూస్తుంది. పూస్తే నా జడలో మూర పెట్టి, పెట్టె సర్దుకుంటుంది.

మేవిస్ చెయ్యి పట్టుకుని, చెప్పొద్దు అన్నాను. ఎందుకని అడిగింది. "పువ్వు వస్తే, అత్త వెళ్ళిపోతుంది" అని నాకు వచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ తల ఊపింది. అయితే ఒక షరతు, ఒక్క కుండీ నాకివ్వు, ఇక వీటిని ఇలా చూడలేను అంది. గొర్రె కొరికిన కుండీని ఆ రోజే కంచె అవతలికి చేర్చాను. అది చచ్చిపోయిందని అత్తకు చెప్పాను. ఆవిడ ఒక పూట అన్నం తినలేదు. నేను చేసిన పాపాల్లో అది ఇప్పటికీ లెక్కలోనే ఉంది.

మూడో పుష్యం వచ్చింది. ఆ వారమంతా మండే ఎండ, గాలి లేదు. ఒక ఉదయం తలుపు తీయగానే వాసన. కంచె అవతల నుంచి, తడిసిన గుడ్డలా బరువుగా. నేను తలుపు మూసేశాను. ఎవరో సెంటు ఒలకబోసుకున్నారని అత్త అంది. మర్నాడు దుమ్ము వస్తోందని కిటికీలన్నీ మూయించింది, లోపల ఉడికిపోయాం. ఆ మర్నాడు కందిపప్పులో రాళ్ళు ఏరుకోవడానికి పీట బయట వేసుకుంది. కంచెకు పది అడుగుల దూరంలో. తర్వాతి రోజు ఆరడుగులు. ఆ తర్వాత వీపు కంచెకు ఆనింది. మా ఇంట్లో అన్ని రాళ్ళున్న కందిపప్పు ఎన్నడూ లేదు. నలభై ఏళ్ళు మల్లెల్లో బతికిన మనిషి, వీధి చివర గంప దించితే పొద్దుటి కోతో సాయంత్రపు కోతో చెప్పే ముక్కు. నేను ఆవిడ మొహం వైపు చూడలేకపోయాను. తిథి చూసుకుని ఆకు దుయ్యాలంది. ఆ వాసనలోనే కూర్చుని మిగిలిన మూడు కుండీల మొగ్గలు గిల్లడం మొదలుపెట్టింది. నేను ఎదురుగా కూర్చుని ఆకు దూస్తున్నాను.

అప్పుడే మేవిస్ వచ్చింది. పాపం, ఆవిడ మాత్రం ఎన్నాళ్ళని ఆపుకుంటుంది. సాసరు నిండా విచ్చిన పూలు, రెండు చేతులతో పట్టుకుని, తప్పు చేసిన చిన్నపిల్లలా నా వైపు ఒకసారి చూసి, అత్త ముందు వంగింది. "లుక్, మంగా. యువర్ జాస్మిన్" అంది.

నా చేతిలో ఆకు అలాగే ఉండిపోయింది. అయిపోయిందనుకున్నాను. అత్త చేతులు కొంగుకు తుడుచుకుంది. ఒక పువ్వు తీసింది. రెక్క తుంపి, నలిపి, వాసన చూసింది. మిగిలింది నాలిక మీద వేసుకుని కళ్ళు మూసుకుంది. పాప వచ్చి సాసరులో చెయ్యి పెట్టినా ఎవరూ వారించలేదు.

"ఇది మల్లె కాదు" అంది అత్త.

"అత్తా..."

"నాకు చెప్తావేంటే? ఏదో ఈ దేశపు పువ్వు. వాసన కాస్త అలా కొడతంది గానీ మల్లె కాదు. ఆవిడికి చెప్పు."

మల్లె కాదంటోందని మేవిస్‌కి చెప్పాను. చీటీ చదివిన మనిషి ఆవిడ. సాసరు వైపు, అత్త చేతిలోని మొగ్గల వైపు, నా వైపు చూసింది. అంత గట్టిగా తనకూ తెలియదులే అంది.

అత్త దారం తెమ్మంది. పీట మీద సర్దుకుని కూర్చుని కట్టడం మొదలుపెట్టింది. మూడేళ్ళ తర్వాత ఆ వేళ్ళు పూల మీద ఆడుతుంటే చూడ్డానికి కళ్ళు చాల్లేదు. సగం తుంచి నా జడలో పెట్టింది. ఇంకొంచెం తుంచి, మేవిస్‌ను ముందు కూర్చోబెట్టుకుని, ఆ పొట్టి తెల్ల జుట్టులో నా పిన్నులు నాలుగు గుచ్చి నిలబెట్టింది. చిటికెడు దండ మిగిలింది. మేవిస్ దాన్ని తీసుకుని, ఆవిడకేం తెలుసు పాపం, లేచి అత్త వెనక్కి వెళ్ళి కొప్పులో తురమబోయింది. నేను కంగారుగా అడ్డం వెళ్ళాను. తొమ్మిదేళ్ళుగా ఆ తలలో పువ్వు లేదు. అత్త తల తిప్పకుండానే నా మణికట్టు పట్టుకుని ఆపింది.

"ఉండనీవే. మల్లె కాదుగా" అంది.

ఇప్పుడు ఈ ఊళ్ళో ఏ మూల చూసినా మన పిల్లలు మల్లె కుండీలు పెట్టుకుంటున్నారు. ఫోనులో ఫోటో పంపి, ఆంటీ, మాది ఫ్లవర్ అవ్వట్లేదు, ఏం చెయ్యమంటారు అని అడుగుతారు. ఆగస్టు ఆఖరున కత్తిరించమ్మా, క్రిస్మస్‌కి పూస్తాయి అని రెండు ముక్కలు రాసి పంపిస్తాను, రాయడం వచ్చింది కదా. చెప్పినట్టే పూస్తాయి, పూల ఫోటో వస్తుంది. ఆ ఇళ్ళకు ఆర్నెల్లకని వచ్చిన అమ్మలూ అత్తలూ ఆర్నెల్లు కాగానే ఎయిర్‌పోర్టులో నవ్వుతూ నిలబడిన ఫోటో కూడా వస్తుంది. వాళ్ళను ఏ మొక్కా ఆపడం లేదు. పూసినందుకు సంతోషమేనని అందరికీ అదే రాస్తాను.

మా అత్త మా దగ్గర పదహారేళ్ళు ఉంది. ఇల్లు మారినా మేవిస్ ఇంటికి నాలుగు వీధుల అవతలే మారాం, అక్కడి నుంచి వేసవి అంతా సాసరు వస్తూనే ఉండేది, మూడు తలల్లోకీ సరిపోయేది. మోకాళ్ళు వంగని చివరి రోజుల్లో కూడా చంద్రుణ్ణి చూసుకుని, కుండీలు మంచం పక్కకి తెప్పించుకుని, ఒక్క పుష్యం వదలకుండా ఆకు దూసింది.